రాత్రయితే చాలు గేటు దగ్గర కెమెరా ఆఫ్‌లైన్, పగలంతా బాగానే ఉంటోంది

కొబ్బరితోట | జూన్ 14, రాత్రి 9:42

అందరికీ నమస్తే. నేను బెంగళూరులో ఉంటాను, అమ్మానాన్న పాలకొల్లు దగ్గర మా ఊళ్లో ఇద్దరే ఉంటారు. నాన్నకి 71. మార్చిలో ఇంటికి నాలుగు ఐపీ కెమెరాలు పెట్టించాను. హాల్లో ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బా), దాని పక్కన చిన్న నెట్‌వర్క్ స్విచ్చు, అక్కడి నుంచి ఒక్కో కెమెరాకి ఒక్కో నెట్‌వర్క్ కేబుల్. వీధి గుమ్మం దగ్గరా పెరట్లోనూ ఉన్న రెండూ ఇంటి గోడకే ఉన్నాయి, వాటితో ఏ బాధా లేదు. మూడోది పశువుల పాక దగ్గర, అది వాన పడితే పోతుంది, రెండ్రోజులకి దానంతటదే వస్తుంది. అసలు సమస్య నాలుగోదానితో, రోడ్డు వైపు గేటు మీద ఉన్నది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దంలా కనిపిస్తుంది. ఆరున్నర ఏడు అయ్యేసరికి బొమ్మ ఆగిపోతుంది, నిమిషానికి మళ్లీ వస్తుంది, పది సెకన్లకి మళ్లీ పోతుంది, ఇలా తెల్లారేదాకా. పెట్టించిందే రాత్రిళ్లు గేటు దగ్గర ఎవరైనా వస్తే తెలియాలని కదా, సరిగ్గా ఆ టైముకే ఉండట్లేదు. పడుకునే ముందు ఫోన్ తీసి చూడటం, ఆఫ్‌లైన్ అని కనిపించడం, నాన్నకి ఫోన్ చేసి గేటు తాళం వేశారా అని అడగడం, రోజూ ఇదే టెన్షన్.

రౌటర్ ఆపి వేశాం, ఎన్‌వీఆర్ ఆపి వేశాం, ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాను, యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నాను. కెమెరాలు బిగించినతను మీ ఇంటర్నెట్ ప్రాబ్లమ్ అంటున్నాడు. ఇంటర్నెట్ వాళ్లు మా లైన్ బాగానే ఉందంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.

పాత రౌటర్ | జూన్ 14, రాత్రి 10:05

బ్రదర్, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబరు) గొడవ అయ్యుండొచ్చు. సాయంత్రం ఇంట్లో ఫోన్లు, టీవీ అన్నీ వైఫైకి ఎక్కేసరికి రౌటర్ అదే అడ్రస్ ఇంకోదానికి ఇచ్చేస్తుంది, రెండూ కొట్టుకుంటాయి. కెమెరాలకి డీహెచ్‌సీపీ పరిధి (రౌటర్ తనంతట తాను పంచే నంబర్లు) బయట ఉన్న నంబర్లు ఇవ్వండి, లేదా రౌటర్‌లో కెమెరా మ్యాక్ అడ్రస్ (ఫ్యాక్టరీలో ఇచ్చే గుర్తింపు నంబరు) పెట్టి దానికి ఒకే నంబరు రిజర్వేషన్ చేయండి. హిక్‌విజన్ కెమెరాలు ఫ్యాక్టరీ నుంచి 192.168.1.64 మీద వస్తాయి, దహువావి 192.168.1.108 మీద. నాలుగింటినీ మార్చకుండా అలాగే వదిలేసే వాళ్లు ఉన్నారు.

వైర్‌మ్యాన్ | జూన్ 14, రాత్రి 10:31

ముందు ఒక్క ప్రశ్న. గేటు కెమెరా పోయినప్పుడు హాల్లో ఎన్‌వీఆర్‌కి పెట్టిన టీవీలో కూడా పోతోందా, లేక మీ ఫోన్లో మాత్రమే పోతోందా? టీవీలో కూడా పోతే ఇంటర్నెట్‌కి ఏ సంబంధమూ లేదు. కెమెరా నుంచి ఎన్‌వీఆర్ దాకా బొమ్మ ఇంట్లో వైరు మీదే వస్తుంది, బయటి లైన్ పీకేసినా టీవీలో రావాలి. నాన్నగారిని చూసి చెప్పమనండి.

రెండోది, గేటు కెమెరాకి కరెంటు ఎక్కడి నుంచి వెళ్తోంది? గేటు దగ్గర అడాప్టర్ ఉందా, హాల్లో నుంచే కేబుల్‌లో వస్తోందా?

కొబ్బరితోట | జూన్ 15, ఉదయం 7:50

వైర్‌మ్యాన్ గారూ, రాత్రి నాన్న చూశారు, టీవీలో కూడా పోతోంది. అయితే ఇంటర్నెట్ కాదన్నమాట. కరెంటు సంగతి అడిగితే ఆయన ఫొటో పంపారు. హాల్లో ఒక అడాప్టర్ ఉంది, 12 వోల్టులు 2 ఆంప్స్ అని రాసుంది. దాని పిన్ ఒక నల్ల ముక్కలోకి వెళ్తోంది, స్విచ్చు నుంచి వచ్చే వైరు కూడా అందులోకే, రెండూ కలిసి ఒకే కేబుల్‌గా గేటుకి. గేటు దగ్గర అలాంటిదే ఇంకో ముక్క, దాన్లోంచి పిన్ ఒకటి, నెట్‌వర్క్ జాక్ ఒకటి కెమెరాకి. దూరం అడుగులేసి కొలిచారు, కొబ్బరి చెట్ల వరస పక్కనుంచి దాదాపు 60 మీటర్లు. పాక దగ్గరిది 25 ఉంటుంది.

వైర్‌మ్యాన్ | జూన్ 15, ఉదయం 8:26

దొరికింది అనుకుంటున్నాను. మీ కెమెరా రాత్రి చేసే పని, పగలు చేయని పని ఒకటే ఉంది, ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగించడం. చీకట్లో కెమెరా ముందు నిలబడితే లెన్స్ చుట్టూ చిన్న ఎర్ర చుక్కలు కనిపిస్తాయి చూడండి, అవే. పగలు ఆ కెమెరా 3 వాట్లు తీసుకుంటే లైట్లు వెలిగాక దాదాపు రెట్టింపు తీసుకుంటుంది. మీ నల్ల ముక్కలు చేసేది ఏంటంటే కేబుల్‌లో డేటాకి వాడని రెండు జతల మీద, అంటే నీలం జత, గోధుమ జత మీద ఆ 12 వోల్టులు నేరుగా పంపడం. తలవెంట్రుకలాంటి తీగలు అవి, 60 మీటర్లు పోయేసరికి వోల్టేజీ పడిపోతుంది. ఎక్కువ కరెంటు లాగేకొద్దీ ఇంకా పడిపోతుంది. లైట్లు వెలగ్గానే కెమెరాకి చాలక ఆగిపోతుంది, ఆగగానే భారం తగ్గి వోల్టేజీ పెరుగుతుంది, మళ్లీ లేస్తుంది, చీకటి చూసి లైట్లు వేస్తుంది, మళ్లీ పడుతుంది. మీరు రాసిన నిమిషం, పది సెకన్ల లెక్క అదే.

రాత్రి దాకా ఆగక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం కెమెరా ముందు భాగమంతా మందపాటి గుడ్డతో కప్పమనండి, వెలుతురు దూరకుండా. అది రాత్రి అనుకుని లైట్లు వేస్తుంది. అప్పుడు పోతే కరెంటే కారణం.

మల్టీమీటర్ ఉంటే కెమెరా నడుస్తుండగానే కొలవాలి. పిన్ ఊడదీసి కొలిస్తే 12 చూపిస్తుంది, వైరు బాగుందనుకుని మోసపోతారు. భారం లేనప్పుడు వోల్టేజీ పడదు.

మణికొండ ఫ్లాట్ | జూన్ 15, ఉదయం 11:10

మధ్యలో వస్తున్నందుకు సారీ, నాదీ కెమెరా సమస్యే. పాపని చూసుకునే ఆవిడ వచ్చే టైములో చూడటానికి హాల్లో చిన్న వైఫై కెమెరా ఉంది. పోయిన వారం కొత్త రౌటర్ ఇచ్చారు. పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టించాను, ఫోన్లు అన్నీ కలిశాయి, కెమెరా ఒక్కటి కలవట్లేదు. క్యూఆర్ కోడ్ చూపిస్తే టింగ్‌మంటుంది, తర్వాత కనెక్షన్ ఫెయిల్డ్. ఆఫీసులో కూర్చుని పాప ఏం చేస్తోందో తెలియక చాలా ఆందోళనగా ఉంది.

నల్లగొండ నెట్ | జూన్ 15, మధ్యాహ్నం 12:20

మేడమ్, మీది సులభంగా తేలుతుంది. ఇళ్లల్లో పెట్టే చిన్న కెమెరాల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి, 5 వాటికి కనిపించదు. కొత్త రౌటర్లు రెండింటినీ ఒకే పేరుతో కలిపేస్తాయి, ఫోన్ 5 మీద ఉండి సెటప్ చేస్తుంటే కొన్ని కెమెరాలు తికమకపడతాయి. రౌటర్ సెట్టింగ్స్‌లో రెండు బ్యాండ్లూ విడదీసి 2.4కి వేరే పేరు పెట్టండి, ఫోన్ కూడా దానికే కలిపి అప్పుడు సెటప్ చేయండి. అక్కడే వైఫై సెక్యూరిటీ కొత్త రకం డబ్ల్యూపీఏ3 అని ఉందేమో చూడండి, పాత కెమెరాలకి అది అర్థం కాదు, డబ్ల్యూపీఏ2కి మార్చండి. ఫోన్లో ఆ యాప్‌కి లొకేషన్ పర్మిషన్ కూడా ఇవ్వాలి, లేకపోతే చుట్టుపక్కల వైఫైని యాప్ చూడలేదు. కెమెరాని కూడా ఒకసారి రీసెట్ చేయాలి, సన్నటి రంధ్రంలో పిన్ పెట్టి పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి.

అపార్ట్‌మెంట్ కాబట్టి 2.4 వైఫై ఛానల్ ఆటోలో ఉంచకుండా 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి. మిగతావి ఒకదాని మీదకి ఒకటి వస్తాయి.

మణికొండ ఫ్లాట్ | జూన్ 15, మధ్యాహ్నం 2:45

వచ్చేసింది!! డబ్ల్యూపీఏ3 ఉంది, మార్చాను, బ్యాండ్లు విడదీశాను, మొదటిసారికే కలిసింది. చాలా చాలా థ్యాంక్స్ అన్నా. పాప పడుకుని ఉంది, చూస్తున్నాను.

కొబ్బరితోట | జూన్ 15, సాయంత్రం 4:30

వైర్‌మ్యాన్ గారూ, ఏం చెప్పమంటారు. పక్కింటి కుర్రాడు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాడు, మల్టీమీటర్ తెచ్చాడు. నేను వీడియో కాల్‌లో ఉన్నాను. హాల్లో అడాప్టర్ దగ్గర 12.1. నిచ్చెనెక్కి గేటు దగ్గర జాయింట్ టేపు విప్పి కెమెరా నడుస్తుండగా కొలిస్తే 10.0. అప్పుడు నాన్న భుజమ్మీది తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టి కెమెరా ముఖం మీద కప్పారు. టిక్ అని చిన్న శబ్దం వచ్చింది, తువ్వాలు అంచు ఎత్తి చూస్తే ఎర్ర చుక్కలు. మీటర్ 8.2కి పడింది, ఒక్క క్షణం ఉంది, చుక్కలు ఆరిపోయాయి, హాల్లోంచి అమ్మ పోయింది పోయింది అని అరిచింది. మిట్టమధ్యాహ్నం ఎండలో! మూడు నెలల్నుంచి ఇంటర్నెట్ వాళ్లతో పోట్లాడుతున్నాను నేను.

వైర్‌మ్యాన్ | జూన్ 15, సాయంత్రం 5:12

మంచిది. ఆ టిక్ శబ్దం లోపల ఫిల్టర్ జరిగినది, పగలు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే అద్దం రాత్రికి పక్కకి తప్పుకుంటుంది. అది ఇరుక్కుంటే పగలు బొమ్మ గులాబీ రంగులో కనిపిస్తుంది, మీకు ఆ బాధ లేదు. 12 వోల్టుల కెమెరాలు చాలావాటికి 25 శాతం అటూ ఇటూ ఓపిక ఉంటుంది, అంటే 9 దాకా, మీది 8.2. పోవాల్సిందే.

60 మీటర్లకి పగలే 2 వోల్టులు పోయిందంటే నాకు కేబుల్ మీద కూడా అనుమానం. మిగిలిన ముక్క ఉంటే ఒక తీగ తీసి చాకుతో గీకమనండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. సీసీఏ అంటారు. కేబుల్ బాక్స్ ఎత్తితేనే తేలిగ్గా ఉంటుంది, నాలుగుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. రాగి కంటే నిరోధం బాగా ఎక్కువ. ధర తక్కువని వేసేస్తారు, నష్టం ఇంటివాళ్లకి.

మిర్చియార్డు | జూన్ 15, రాత్రి 8:40

గుంటూరు నుంచి. నాకు షాపులో కెమెరాలు అన్నీ నడుస్తున్నాయి, షాపు వైఫైలో ఉన్నంతసేపు ఫోన్లో వస్తుంది, ఇంటికొస్తే రాదు. ఒకాయన వచ్చి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరాల దాకా దారి తెరవడం) చేసి 554, 8000 పోర్టులు ఓపెన్ చేశానన్నాడు, డబ్బులు తీసుకున్నాడు, అయినా రావట్లేదు. ఏం చేయాలి సర్?

నల్లగొండ నెట్ | జూన్ 15, రాత్రి 9:15

రౌటర్‌లోకి వెళ్లి వ్యాన్ ఐపీ (బయటి ఇంటర్నెట్ వైపు రౌటర్‌కి ఉన్న అడ్రస్) ఎంతుందో చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీకు సొంత పబ్లిక్ అడ్రస్ లేదు. మీ ప్రొవైడర్ చాలామంది కస్టమర్లని ఒకే అడ్రస్ వెనకాల పెట్టాడు, దీన్ని సీజీనాట్ అంటారు. పెద్ద అపార్ట్‌మెంట్‌కి బయట గేటు ఒకటే ఉండి, మీరు మీ ఫ్లాట్ తలుపు తీసి కూర్చున్నట్టు. గేటు మీ చేతిలో లేదు కాబట్టి తలుపు తీసినా ఎవరూ రాలేరు. ఆ పోర్టులు ఎన్ని ఓపెన్ చేసినా ఉపయోగం లేదు.

ఇంకో మాట సర్, రాకపోవడమే మీకు మంచిదయింది. కెమెరాని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి. 2016లో మిరాయ్ అని ఒక మాల్వేర్ వచ్చింది, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు 60కి పైగా జతలు పట్టుకుని ప్రపంచమంతా కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్ల తలుపులు తడుతూ పోయింది, లక్షల సంఖ్యలో లొంగిపోయాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటిలో చాలావాటితో డైన్ అనే డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లని అడ్రస్‌లుగా మార్చే సేవ) కంపెనీ మీద దాడి చేస్తే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. ఎవరింట్లోనో గోడకున్న కెమెరాలు చేసిన పని అది, ఆ ఇంటివాళ్లకి తెలియనే తెలియదు. ఆ ఫార్వర్డింగ్ తీసేయండి, యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరిపించుకునే సెట్టింగ్) ఆపేయండి, ఎన్‌వీఆర్‌లో కంపెనీ పీటూపీ క్లౌడ్ (కంపెనీ సర్వర్ ద్వారా ఫోన్‌కి కలిపేది) ఆన్ చేసి క్యూఆర్ కోడ్‌తో మీ సొంత అకౌంట్‌కి కలుపుకోండి. అది బయటికి తనే కాల్ చేస్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డు రాదు. క్లౌడ్ వద్దనుకుంటే వీపీఎన్ (షాపు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి), కానీ దానికి కొంచెం నేర్చుకోవాలి.

ఫోన్లో చూసేటప్పుడు సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత బొమ్మ) పెట్టుకోండి. మెయిన్ స్ట్రీమ్ ఒక్కో కెమెరాకి 4 ఎంబీపీఎస్ ఉంటే నాలుగు కెమెరాలకి 16 అప్‌లోడ్ కావాలి. ప్లాన్ మీద రాసేది డౌన్‌లోడ్, మీకు ఇక్కడ కావాల్సింది అప్‌లోడ్.

మిర్చియార్డు | జూన్ 16, ఉదయం 9:05

100.72 అని ఉంది సర్. పీటూపీ ఆన్ చేశాను, ఇంటి దగ్గర్నుంచే వస్తోంది. నేనూ ఒకటి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పోయినేడాది మా పక్క షాపు ముందు స్కూటీ పోయింది, పోలీసులు వచ్చి మా ఫుటేజీ అడిగారు. రాత్రి తొమ్మిదిన్నరకి పోయిన బండి మా రికార్డింగ్‌లో సాయంత్రం నాలుగింటికి ఉంది. టైమ్‌జోన్ జీఎంటీలో వదిలేశారు, ఐదున్నర గంటలు వెనక. మేం తొమ్మిదిన్నర దగ్గర వెతుకుతూ రెండు గంటలు కూర్చున్నాం, ఆ పక్క షాపాయన ముఖం చూడలేకపోయాను. మీ రికార్డర్‌లో జీఎంటీ ప్లస్ 5:30 ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

నల్లగొండ నెట్ | జూన్ 16, ఉదయం 10:30

చాలా ముఖ్యమైన మాట చెప్పారు. ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి టైము తీసుకోవడం) కూడా ఆన్ చేయాలి, టైము తప్పకుండా దానంతటదే సరిచేసుకుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ 2000కో 1970కో వెళ్తుంటే లోపల బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు, చాలావాటిలో సీఆర్2032 ఉంటుంది. కోర్టు దాకా వెళ్తే టైము తేడా ఉన్న ఫుటేజీ మీద ఎన్ని ప్రశ్నలైనా వస్తాయి. భారతీయ సాక్ష్య అధినియమ్ 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది కదా, దాని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) కూడా అందులో రాయాలి. కాబట్టి ఏదైనా జరిగితే టీవీ స్క్రీన్‌ని ఫోన్‌తో వీడియో తీసి ఊరుకోకండి, అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టండి. డిస్క్ నిండితే పాతది చెరిగిపోతుంది. నాలుగు కెమెరాలు ఒక్కోటి 2 ఎంబీపీఎస్ అయితే రోజుకి 86 జీబీ, 1 టీబీ డిస్క్‌లో పదకొండు రోజులే.

కొబ్బరితోట | జూన్ 20, రాత్రి 10:15

శుక్రవారం సెలవు పెట్టి ఊరొచ్చాను. కేబుల్ గీకి చూశాను, తెల్లగా ఉంది. వైర్‌మ్యాన్ గారన్నట్టే అల్యూమినియం. బిల్లులో మాత్రం క్యాట్6 (మంచి రకం నెట్‌వర్క్ కేబుల్) అని రాసుంది. భీమవరం వెళ్లి అచ్చమైన రాగి క్యాట్6 తెచ్చుకున్నాను, కొట్లోనే ఒక తీగ గీకి చూసి కొన్నాను. ఇప్పుడు ఏ పవర్ పెట్టాలి?

పాక కెమెరా టేపు విప్పితే లోపల నుంచి నీళ్లు కారాయి. జాక్ తీస్తే ఎనిమిది పిన్నుల్లో మూడింటికి ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది, ఒకటి గోరుతో తాకితే పొడై రాలింది.

ఇంకోటి, ఇది రాయడానికే కష్టంగా ఉంది. యాప్‌లో డివైస్ షేరింగ్ చూస్తే అసలు ఓనర్ అకౌంట్ నాది కాదు, బిగించినతనిది. నాకు షేర్ చేశాడంతే. నాలుగు కెమెరాలూ అతని ఫోన్లో మూడు నెలల్నుంచి ఉన్నాయి. పెరట్లో అమ్మ పొద్దున్నే తల ఆరబెట్టుకుంటుంది, ఆ కెమెరా అక్కడే చూస్తుంది. చాలా కోపం వచ్చింది.

వైర్‌మ్యాన్ | జూన్ 20, రాత్రి 10:50

నేనూ ఈ పనే చేస్తాను కాబట్టి చెప్తున్నాను, అది తప్పు. రేపు కంప్లైంట్ వస్తే దూరం నుంచి చూడొచ్చని కొందరు అలా చేస్తారు, అయినా తప్పే. పని అయిపోగానే ఓనర్ ఫోన్లోనే అకౌంట్ తెరిపించి, ఆయన చేతే పాస్‌వర్డ్ పెట్టించి రావాలి. ఫోన్ చేసి అన్‌బైండ్ (అతని అకౌంట్ నుంచి కెమెరాలు తీసేయడం) చేయించండి. చేయనంటే కంపెనీ సపోర్ట్‌కి బిల్లు, సీరియల్ నంబరు పంపితే తీసేస్తారు. తర్వాత ఎన్‌వీఆర్ అడ్మిన్ పాస్‌వర్డ్, కెమెరాల పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ మూడూ మార్చండి. యూజర్ల జాబితాలో మీకు తెలియని పేరుంటే తీసేయండి.

పవర్‌కి, మీ కెమెరా బాక్స్ మీద పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) 802.3ఏఎఫ్ అని ఉందేమో చూడండి. ఉంటే ఆ నల్ల ముక్కలు తీసి పక్కన పడేసి మామూలు పీఓఈ స్విచ్చు కొనండి. అది 48 వోల్టుల దగ్గర పంపుతుంది, అదే 6 వాట్లకి తీగల్లో పోయే కరెంటు నాలుగో వంతే, మీ 60 మీటర్లకి ఒక వోల్టు కూడా పోదు. పోర్టుకి 15.4 వాట్ల దాకా ఇస్తుంది, 100 మీటర్ల వరకు భయం లేదు. కెమెరాలో పీఓఈ లేకపోతే గేటు దగ్గర 48 నుంచి 12కి దించే స్ప్లిటర్ పెట్టాలి, అది 802.3ఏఎఫ్ ప్రమాణానిదే కొనండి.

పాక దగ్గర జాక్ కోసేసి కొత్తది క్రింప్ చేయండి (పనిముట్టుతో నొక్కి బిగించండి). కెమెరా తోకకి, అంటే దాన్నుంచి వచ్చే వైరు చివరికి, కూడా చిలుము పట్టిందేమో చూసి మెత్తటి బ్రష్‌తో రుద్దండి. కెమెరాతో పాటు రబ్బరు వాషర్లు, చిన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి వచ్చి ఉంటుంది, బాక్స్‌లోనే పడేసి ఉంటారు. అది నీళ్లు రాకుండా జాక్ మీద బిగించేది. జాయింట్ ఒక డబ్బాలో పెట్టి, వైరు డబ్బాలోకి వెళ్లే ముందు కిందకి ఒక వంపు వదలండి, వాన నీళ్లు ఆ వంపు అడుగున కారిపోతాయి. టేపు ఒక్కటే చుడితే వచ్చిన నీటిని లోపలే పట్టి ఉంచుతుంది.

గేటు ఇనుపదా? చెట్ల మధ్య అంత పొడవు వైరు కాబట్టి పిడుగుల కాలంలో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి ఎర్తింగ్ చేయించండి. కొబ్బరి చెట్టు మీద పిడుగు పడటం మీ గోదావరి వైపు నాకంటే మీకే తెలుసు.

పాత రౌటర్ | జూన్ 21, ఉదయం 8:00

నేను ఐపీ గొడవ అన్నాను, కాదని తేలింది. వోల్టేజీ సంగతి నాకు కొత్త. మా బావగారింట్లో కూడా ఒక కెమెరా ఇలాగే రాత్రి పోతుంది, ఇవాళే వెళ్లి గుడ్డ కప్పి చూస్తాను.

కొబ్బరితోట | జూన్ 23, రాత్రి 11:20

బాక్స్ వెతికితే పీఓఈ అని ఉంది! మొదటి నుంచీ ఉంది. నిన్న పక్కింటి కుర్రాడూ నేనూ కలిసి కొత్త కేబుల్ పైపులో లాగాం, పీఓఈ స్విచ్చు పెట్టాం. రబ్బరు వాషర్ల కవరు కూడా బాక్స్ అడుగున అలాగే ఉంది, సీల్ కూడా తీయలేదు. కెమెరాలు బిగించినతను ఫోన్లో కాసేపు వాదించి చివరికి అన్‌బైండ్ చేశాడు. ఓనర్ అకౌంట్ ఇప్పుడు నాది, నాన్న ఫోన్‌కి షేర్ చేశాను. పెరటి కెమెరాని గోడ తలుపు వైపు తిప్పించాను, అమ్మ కూర్చునే చోటు ఇప్పుడు అందులో రాదు.

సాయంత్రం ఏడింటికి ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. బొమ్మ రంగు పోయి నలుపు తెలుపులోకి మారింది, ఆగలేదు. ఎనిమిదింటికి వాన మొదలైంది, పాకదీ ఉంది. ఇప్పుడు పదకొండు దాటింది, నాలుగూ ఉన్నాయి. ఒక్కటే, గేటు కెమెరాలో తెల్లటి తీగలాంటిది ఊగుతోంది, ప్రతి రెండు నిమిషాలకీ ఫోన్‌కి అలర్ట్ వస్తోంది.

వైర్‌మ్యాన్ | జూన్ 23, రాత్రి 11:34

సాలెగూడు. లైట్ల వెచ్చదనానికీ పురుగులకీ సాలీళ్లు వస్తాయి. పొద్దున చీపురుతో తీసేయండి, నెలకోసారి తీస్తుండాలి. లెన్స్ అద్దం మీద చీపురు తగలనీయకండి, మెత్తటి గుడ్డతో తుడవండి. అలర్ట్‌లకి యాప్‌లో మనిషి వస్తేనే చెప్పమనే సెట్టింగ్ ఉంటే అది పెట్టండి.

కొబ్బరితోట | జూన్ 24, ఉదయం 6:40

నాన్న నేను లేచేసరికే తీసేశారు. రాత్రి రికార్డింగ్ మొత్తం ముందుకి జరిపి చూశాను, ఎక్కడా తెగలేదు. నాలుగున్నరకి పాలవాడు గేటు తీసిన దగ్గర అతని సైకిల్ బెల్లు కూడా కనిపిస్తోంది.